అమ్మ మొక్కుబడికి నేను బాకీనా?

28 ఏళ్ల పాఠకురాలు ఒకరు చాలా పెద్ద ఉత్తరం రాశారు. ఆమె ఎవరో బయటపడకుండా దాని సారాంశం ఇస్తున్నాను.

ఆమె తండ్రి ప్రకాశం జిల్లాలోని ఒక పట్టణంలో, ఏ పెద్ద చర్చి సంస్థకూ చెందని స్వతంత్ర సంఘానికి కాపరి, అంటే పాస్టర్. ఆమె పుట్టకముందు తల్లికి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోసారి గర్భంతో ఉన్నప్పుడు ఆ తల్లి ఉజ్జీవ సభల్లో మోకాళ్ల మీద పడి, ఈ బిడ్డ బతికితే దేవుని సేవకే ఇచ్చేస్తానని మొక్కుకున్నారు. ఈ సాక్ష్యం సంఘంలో అందరికీ తెలుసు. ఏటా పుట్టినరోజు కూడికలో తల్లి దాన్ని మళ్లీ చెబుతారు. చిన్నప్పుడు సంఘంలోని పెద్దవాళ్లు ఆమెను "మా సమూయేలు" అని ముద్దుగా పిలిచేవారు. సండే స్కూలు, కంఠత వాక్యాలు, పాటల బృందం, 13వ ఏట బాప్తిస్మం, ఇవన్నీ ఆమెను ఎవరూ అడగకుండానే జరిగిపోయాయి. నర్సింగ్ చదువుతానంటే, రేపు సేవలో పనికొస్తుందని ఒప్పుకున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు. నైట్ డ్యూటీలు ఎక్కువ. ఆదివారం ఆరాధనకు తరచూ వెళ్లలేకపోతున్నారు, వెళ్లినా మనసు నిలవడం లేదు. వెంటిలేటర్ మీద ఉన్న రోగి చేయి పట్టుకుని లోలోపల ప్రార్థించే వేళ మాత్రం దేవుడు దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తోందట. చర్చిలో కలగనిది ఐసీయూలో కలుగుతోందంటే తన విశ్వాసంలోనే లోపం ఉందేమోనని ఆమెకు భయం.

ఈ మధ్య ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పాస్టర్ గారి కుమారుడు. బైబిల్ శిక్షణ పూర్తిచేసి తండ్రి సంఘంలోనే పరిచర్య చేస్తున్నాడు. కోడలు ఉద్యోగం మానేసి స్త్రీల కూడికలు, సండే స్కూలు చూసుకోవాలని వారి కోరిక. మొక్కుబడి తీరే దారి దొరికిందని తల్లిదండ్రులు సంతోషిస్తున్నారు. ఈమేమో ఇంట్లో చెప్పకుండా జర్మన్ భాష నేర్చుకుంటూ అక్కడ నర్సు ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నారు. ఆ సంగతి తెలిసిన తమ్ముడు, "యోనాలాగా తర్షీషు ఓడ ఎక్కుతున్నావు" అన్నాడు. అంతలో తల్లికి షుగర్ ఎక్కువై కాలికి పుండు పడింది. మొక్కుబడి చెల్లించనందుకే ఈ దెబ్బ అని సంఘపెద్ద ఒకరు ఇంటికి వచ్చి మరీ చెప్పి వెళ్లారట.

"సంఘంలో నేను పాస్టర్ గారి అమ్మాయిని, ఆసుపత్రిలో సిస్టర్‌ని. హాస్టల్ గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే నేనెవరో నాకే తెలియడం లేదు. నన్ను దేవుడు ఎందుకు పుట్టించాడు? అమ్మ మొక్కుబడిని కాదంటే అది పాపమా?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, ముందు మీ అమ్మగారి కాలి పుండు గురించి మాట్లాడతాను. మీ ఉత్తరంలోని మిగతా ప్రశ్నలన్నిటినీ వెనక నుంచి తరుముతున్నది ఆ భయమే.

మీరు నర్సు. షుగర్ అదుపు తప్పితే పాదంలో స్పర్శ ఎలా తగ్గుతుందో, తెలియకుండా తగిలిన చిన్న గాయం ఎలా పుండవుతుందో ఆ సంఘపెద్ద కంటే మీకే బాగా తెలుసు. ఇక లేఖనం సంగతి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని అడిగితే, ఇద్దరూ కాదని యేసు చెప్పాడు. యోహాను సువార్త 9వ అధ్యాయం మొదట్లోనే ఉంది. తల్లి జబ్బును తీసుకొచ్చి కూతురి మెడకు కట్టే మాటకు అక్కడ చోటు లేదు. ఆ పెద్దాయన ఎంత ప్రార్థనాపరుడైనా సరే, ఆ మాట దేవుని నోట వచ్చిందని నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోనక్కరలేదు. ఈ వారమే అమ్మగారిని మంచి వైద్యుడికి చూపించండి. మూడు నెలల సగటు షుగర్ తెలిపే పరీక్ష చేయించండి. చెప్పులు లేకుండా ప్రార్థన ఇళ్లకు నడిచే అలవాటు ఉంటే మాన్పించండి. భయపడుతూ తీసుకునే నిర్ణయం పెళ్లికైనా, ప్రయాణానికైనా మంచిది కాదు. అందుకే ఆ భయాన్ని ముందు పక్కన పెట్టమంటున్నాను.

ఇప్పుడు మొక్కుబడి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. దేవునికి మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం చెబుతుంది. మీ అమ్మగారు ఆ వాక్యాన్ని నమ్మే మనిషి. ఇద్దరు బిడ్డలను మట్టిలో పెట్టి వచ్చిన తల్లి ఆ రాత్రి దేవుని ముందు ఏం అనుభవించిందో మనం కొలవలేం. ఆ మొక్కుబడి ఆమె చేసిన ఆరాధన. దాన్ని మూఢనమ్మకం అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

అయితే ఆమె ఎవరిని చూసి మొక్కుకున్నారో ఆ హన్నా కథ, సమూయేలు మొదటి గ్రంథంలో, చివరిదాకా చదవండి. బిడ్డలు లేని హన్నా, కొడుకును ఇస్తే దేవునికే ఇచ్చేస్తానని మొక్కుకుంది, సమూయేలు పుట్టాడు. పాలు మాన్పించి బిడ్డను షిలోహులోని మందిరానికి తీసుకెళ్లి యాజకుడు ఏలీ దగ్గర ఉంచింది. ఆమె మొక్కుబడి అక్కడితో చెల్లిపోయింది. కానీ 3వ అధ్యాయానికి వచ్చేసరికి, సమూయేలు అప్పటికి ఇంకా యెహోవాను ఎరగడని రాసి ఉంది. మందిరంలో పెరుగుతున్నాడు, దీపాల దగ్గర పడుకుంటున్నాడు, తల్లి ఏటేటా చిన్న అంగీ కుట్టి తెస్తోంది, అయినా ఎరగడు! దేవుడు అతన్ని పేరు పెట్టి పిలిచాడు. ఏలీ పిలిచాడనుకుని పరుగెత్తిన ఆ పిల్లవాడు చివరికి తన నోటితో తానే జవాబు చెప్పాడు. తల్లి ప్రతిష్ఠ బిడ్డను గుడి దాకా తీసుకెళ్లగలిగింది. పిలుపు మాత్రం సమూయేలుకు విడిగా రావాల్సి వచ్చింది. ఇంకొంచెం ముందుకు వెళితే, ఆ సమూయేలు కుమారులే తండ్రి మార్గంలో నడవలేదు. యాజకులై ఉండి దుర్మార్గులైన ఏలీ కుమారుల సంగతైతే చెప్పనే అక్కరలేదు. సేవ వారసత్వంగా దిగదని ఆ ఒక్క గ్రంథమే ఇన్నిసార్లు చూపిస్తుంది. మన స్వతంత్ర సంఘాల్లో తండ్రి తర్వాత కొడుకు, కొడుకు పక్కన కోడలు అని ముందే రాసిపెట్టుకోవడం చూసినప్పుడల్లా నాకు ఏలీ ఇల్లే గుర్తొస్తుంది.

లేవీయకాండం 27వ అధ్యాయం కూడా ఒకసారి చదవండి, దాని మీద ప్రసంగాలు తక్కువ. ఎవరినైనా దేవునికి మొక్కుకుంటే, ఆ మనిషికి వయసును బట్టి వెల కట్టి చెల్లించే పద్ధతి అక్కడ ఉంది. 20 నుంచి 60 ఏళ్ల లోపు స్త్రీకి 30 తులాల వెండి. అంత ఇచ్చుకోలేని పేదవాడైతే, అతని శక్తి కొద్దీ యాజకుడు వెల తగ్గించాలి. అంటే దేవునికి మొక్కుకున్న ప్రతి మనిషీ మందిరంలోనే పనిచేయాలని ధర్మశాస్త్రమే అనలేదు. మీరు ఇప్పుడు వెండి తూచి ఇవ్వమని కాదు. మొక్కుబడిని గౌరవిస్తూనే మనిషిని విడిచిపెట్టే దారి దేవుడు ముందే పెట్టాడని చెబుతున్నాను.

1505 జూలైలో పిడుగుపాటుకు బెదిరిపోయి, ప్రాణం దక్కితే సన్యాసినవుతానని, తర్వాత ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన జర్మన్ మార్టిన్ లూథర్ మొక్కుకున్నాడు. మాట నిలబెట్టుకుని మఠంలో చేరాడు. 1521లో అలాంటి సన్యాస మొక్కుబడులు మనస్సాక్షిని శాశ్వతంగా బంధించలేవని వాదిస్తూ పుస్తకం రాసి, దాన్ని తండ్రికే అంకితమిచ్చాడు. అంతకు ముందు ఏడాదే, చెప్పులు కుట్టేవాడూ కమ్మరీ రైతూ ఎవరి పనిలో వారు ఉంటూనే అందరూ యాజకులేనని రాశాడు. దేవుని దృష్టిలో పై మెట్టు పనులు, కింది మెట్టు పనులు లేవని ఆయన తేల్చుకోవడానికి అన్నేళ్లు పట్టింది. మనకు ఇంకా తేలలేదు. "పూర్తికాల సేవ" అన్నప్పుడు మన గొంతులో వినిపించే గౌరవం "ఆసుపత్రిలో ఉద్యోగం" అన్నప్పుడు వినిపించదు.

మీ తమ్ముడి మాట వేరు. యోనాకు నీనెవె వెళ్లమని దేవుడు నేరుగా చెప్పాడు. యోనా స్పష్టంగా విని, తెలిసి తెలిసి తర్షీషు వెళ్లే ఓడ ఎక్కి పారిపోయాడు. ఆ సంబంధం ఒప్పుకోమని దేవుడు మీకు చెప్పాడా? మీ ఉత్తరంలో అలాంటి మాట నాకు కనిపించలేదు. అమ్మ చెప్పారు, నాన్న చెప్పారు, సంఘపెద్ద చెప్పారు, తమ్ముడు చెప్పాడు. అయినా ఆ మాటలోంచి ఒక ప్రశ్న తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి. జర్మనీకి వెళ్లాలనుకోవడం ఆ పని, ఆ చదువు, ఆ జీతం కావాలనా, లేక ఎవరూ మిమ్మల్ని "సమూయేలు" అని పిలవని చోటు కావాలనా? రెండో కారణం ఎక్కువగా ఉంటే అందులో తప్పేమీ లేదు గాని, తప్పించుకోవాలనుకున్నది మీ సామానుతో పాటే విమానం ఎక్కుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న, నేనెవరిని అన్నది. లూకా సువార్త 3వ అధ్యాయంలో యేసు బాప్తిస్మం పొందిన వెంటనే, "నీవు నా ప్రియకుమారుడవు" అన్న స్వరం వినిపించింది. ఆ తర్వాతి వచనమే, పరిచర్య ఆరంభించినప్పుడు ఆయనకు దాదాపు 30 ఏళ్లని చెబుతుంది. అప్పటికి ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క రోగిని బాగుచేసినట్టు సువార్తల్లో లేదు. నజరేతులో వడ్రంగిగా బతికాడు. తండ్రి ప్రేమ ఆయనకు పనికి ముందే ప్రకటించబడింది. మీ విషయంలో ఇది తలకిందులైంది. మీరు పుట్టకముందే పని నిర్ణయమైంది, ఆ పని చేస్తేనే మీరు దేవుని బిడ్డ అన్నట్టు పెరిగారు. అందుకే పాట పాడే వేదిక, పాస్టర్ గారి ఇల్లు పక్కకు తప్పుకోగానే హాస్టల్ గదిలో ఎవరూ మిగల్లేదని అనిపిస్తోంది. "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను, నీవు నా సొత్తు" అని యెషయా 43లో ఉన్న మాటకు ముందు ఏ షరతూ లేదు. దాన్ని మీరు చిన్నప్పుడే కంఠత పట్టి ఉంటారు. ఇప్పుడు పోటీలో చెప్పడానికి కాకుండా, మీ పేరు దగ్గర ఆగుతూ చదవండి.

ఐసీయూలో కలిగే ఆ దగ్గరితనం మీద అనుమానం పెట్టుకోకండి. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో ఇద్దరు మంత్రసానులున్నారు, షిఫ్రా, పూయా. హెబ్రీయుల మగబిడ్డలను చంపమన్న ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞను కాదని బిడ్డలను బతికించారు. ఆ కథలో ఫరో పేరు రాయలేదు, ఆ మంత్రసానుల పేర్లు రాశారు. వాళ్లు దేవునికి భయపడ్డారన్న సాక్ష్యం పురిటి గదిలో చేసిన పనికే దక్కింది. మన గుంటూరులోనే చూడండి. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను లూథరన్ మిషన్ మొదట వైద్యానికి నియమించలేదు, స్త్రీలకూ బాలికలకూ బోధించడానికి పంపింది. ఆమె బోధిస్తూనే వైద్యమూ చేశారు. రెండేళ్ల తర్వాత గాని ఆమెను వైద్య మిషనరీగా గుర్తించలేదు. ఆమె నిలబెట్టిన ఆసుపత్రిని గుంటూరు వాళ్లు ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. పంపినవాళ్లకు సేవ అంటే ఒకటే రూపం తెలుసు. ఆమె చేతులకు ఇంకొకటి కూడా తెలుసు.

ఆరాధనలో మనసు నిలవకపోవడం మాత్రం పూర్తిగా ఆత్మీయ సమస్య అని నేను అనుకోవడం లేదు. ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. పడుకోనిచ్చాడు, కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. మాట ఆ తర్వాత వచ్చింది. రాత్రంతా మృత్యువు పక్కన నిలబడి, తెల్లారి బస్సెక్కి, నిద్రలేని కళ్లతో ఆరాధనలో కూర్చుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. నైట్ డ్యూటీ దిగిన ఆదివారం నిద్రపోండి. సాయంత్రం ఆరాధన ఉన్న చిన్న సంఘాన్ని వెతకండి. అక్కడ పాస్టర్ గారి అమ్మాయినని చెప్పకుండా కొంతకాలం మామూలు విశ్వాసిగా వెనక బెంచీలో కూర్చోండి. ఎవరూ మిమ్మల్ని పాట పాడమని అడగని ఆరాధన ఎలా ఉంటుందో మీకు ఇంతవరకు తెలియదు. నిద్ర సరిపోయాక కూడా వారాల తరబడి ఏదీ రుచించకపోతే, ఊరికే ఏడుపు వస్తుంటే, మానసిక వైద్యులను కలవండి. ప్రార్థన ఆపమని కాదు, రెండూ చేయండి.

సంబంధం విషయంలో మీ ముందున్న దారులు ఒక్కొక్కటీ చూద్దాం. ఒప్పుకోవచ్చు. పాస్టరమ్మగా బతకడం చిన్న పని కాదు, దాన్ని ఇష్టపడి చేసేవాళ్లను నేను ఎరుగుదును. మరణం జరిగిన ఇంటికి అర్ధరాత్రి మొదట చేరేది వాళ్లే. కానీ ఆ పనికి జీతం ఉండదు, స్వతంత్ర సంఘమైతే పింఛనూ పీఎఫ్‌ఫూ ఉండవు. కానుకలు తగ్గిన నెల ఇల్లు మీరే నడపాలి. అందుకని "అవును" అనే ముందు ఆ అబ్బాయితో పెద్దలు లేకుండా మాట్లాడాలి. తనకు కావలసింది భార్యా, సంఘానికి మనిషా అని నెమ్మదిగా అడగండి. నేను నర్సుగా కొనసాగితే నీకేమిటి అభ్యంతరం, అది నీదా మీ నాన్నగారిదా అని అడగండి. పౌలుతో కలిసి డేరాలు కుట్టిన అకుల, ప్రిస్కిల్ల భార్యాభర్తలు, ఇంట్లోనే సంఘం నడిపినవాళ్లు. అతనికి ఆ కథ తెలియకుండా ఉండదు. అతని జవాబు కన్నా, ప్రశ్న విన్నప్పుడు అతని ముఖం మీకు ఎక్కువ చెబుతుంది. ఉద్యోగం మానేయడమే షరతైతే, ఇష్టం లేకుండా ఒప్పుకున్న భార్య పదేళ్ల తర్వాత ఆ సంఘాన్నీ ఆ మనిషినీ ప్రేమించగలదా అన్నది మీరు ఇప్పుడే ఆలోచించాలి. అది అతనికి కూడా అన్యాయమే.

కాదనవచ్చు. కాదంటే ఇంట్లో కొన్ని నెలలు బాధ ఉంటుంది, సంఘంలో మాటలు వస్తాయి, ఆ మాటలు ముందు తగిలేది మీ నాన్నగారికి. దానికి సిద్ధపడండి, కానీ ఆ కోపంలో ఇంటికి రాకపోకలు మానకండి.

జర్మనీ దారిలో డబ్బుంది, నేర్చుకునేదీ ఉంది. మన నర్సింగ్ పట్టాకు అక్కడ గుర్తింపు వచ్చేదాకా సాధారణంగా సహాయకురాలి హోదాలోనే పనిచేయాలి, భాషలో బి2 అనే పై మధ్యమ స్థాయి దాకా చదవాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులను అక్కడికి పంపే శిక్షణ ఇస్తోంది, ప్రైవేటు ఏజెంటుకు సంతకం పెట్టే ముందు అక్కడ అడగండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ఒప్పందంలో చదవండి. ఆదివారాలు ఒంటరిగా గడుస్తాయి. అమ్మగారి కాలు ఏ స్థితిలో ఉందో చూసుకుని వెళ్లే సమయం నిర్ణయించుకోవాలి.

మీరు ప్రస్తావించని దారి ఇంకొకటి ఉంది. వేలూరు సీఎంసీ మొదలు చిన్న ఊళ్లలోని మిషన్ ఆసుపత్రుల వరకు క్రైస్తవ వైద్య సంస్థలు మనకు చాలా ఉన్నాయి. వాటిలో రెండేళ్లు పనిచేసి చూడవచ్చు. జీతం తగ్గవచ్చు. మీ తల్లిదండ్రులు దాన్ని సేవగా ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. వాళ్లను మెప్పించడానికే అయితే అటు వెళ్లకండి. రోగి పక్కన ప్రార్థన చేసే మీ అలవాటును దాచుకోనక్కరలేని చోట పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపిస్తే వెళ్లండి.

ఏ దారి పట్టినా అమ్మగారితో మాట్లాడక తప్పదు. వాదించడానికి మొదలుపెట్టకండి. ఆ ఇద్దరు బిడ్డల గురించి అడగండి. మొక్కుబడి కథ మీరు ఏటా విన్నారు గాని, ఆ పిల్లల గురించి ఎప్పుడైనా విన్నారా? వాళ్లను చూశారా, పేర్లు అనుకున్నారా, ఎక్కడ పూడ్చారు? ఆమె చెప్పనివ్వండి. తర్వాత మీ ఐసీయూ గురించి, ఆ చేతుల గురించి, మీ ప్రార్థనల గురించి చెప్పండి. ఇవి ఆమెకు తెలియవని నా అనుమానం. ఆమె దృష్టిలో కూతురు దేవుణ్ణి వదిలేసి ఉద్యోగానికి వెళ్లింది. వినగా వినగా మనసు కుదుటపడితే, ఇంట్లో ఒక కృతజ్ఞత కూడిక పెట్టమనండి. ఆమె మొక్కుబడి దేవుని సన్నిధిలో చెల్లిందని మీ నాన్నగారు ప్రార్థించి, నర్సుగా మీ మీద చేతులుంచి ఆశీర్వదిస్తే అంతకంటే కావలసిందేముంది? ఆయన ఒప్పుకోకపోవచ్చు. సంఘం ముందు ఎలా చెప్పాలని వెనకాడవచ్చు. అప్పుడు తొందరపెట్టకండి, కానీ మీ తరఫున మీరు దేవునికి ఆ మాట చెప్పుకోండి. మొక్కుబడి సంగతి అమ్మగారికీ దేవునికీ మధ్య ఉంది. మీకూ దేవునికీ మధ్య మాట ఇంకా మొదలవ్వాలి.

జర్మన్ పరీక్ష ఫీజు గడువు దగ్గరపడిందని, కట్టాలా వద్దా అని ఉత్తరం చివర రాశారు. కట్టండి. పరీక్ష రాసినంత మాత్రాన ఊరు వదిలినట్టు కాదు, నేర్చుకున్న భాష ఎక్కడికీ పోదు. ఒకటి మాత్రం చేయండి, కట్టే ముందు అమ్మగారికి ఫోన్ చేసి చెప్పండి. తమ్ముడి నోట వినడం కంటే మీ నోట వినడం ఆమెకు మేలు.